ఎవరి గ్లాసు వారిదే

నరసింహప్పకు ఊరికే కోపం వస్తుందని అనంతపురంలో అతనితో చదివినవాళ్ళంతా అనేవారు. ఊరికే ఏమీ రాదు. ప్రతిసారీ ఒక కారణం ఉండేది, ఆ కారణం పేరు ఓబులేసు. అయితే ఓబులేసు దగ్గరికి పోకముందు, ఈ మనిషి అసలు ఎక్కడ తయారయ్యాడో చెప్పాలి.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టినవాడు శుభ్రంగా ఉండక ఎక్కడికి పోతాడు? నూనె చేత్తో పడుగు ముట్టుకుంటే మరక. తడిచేత్తో ముట్టుకుంటే ఇంకో తంటా. తిన్న చెయ్యి కడుక్కోకుండా మగ్గం దగ్గరికి వస్తే వీపు విమానం మోత. ఉన్న ఇంట్లో పెద్ద గది మగ్గానిది, చిన్న గది మనుషులది. ఆ చిన్న గదిలో ఎవరి చాప ఎక్కడ చుట్టి పెట్టాలో, ఎవరి పళ్ళెం ఎక్కడ బోర్లించాలో, దువ్వెన ఏ గూట్లో ఉండాలో ఒకసారి నిర్ణయమైతే ఇక మారేది లేదు. అలా మారకుండా ఉండడమే కాపురం అనుకుంటూ పెరిగాడు నరసింహప్ప.

వాళ్ళ నాయన ఆంజినప్ప చీర దింపిన రోజున దాన్ని వాకిట్లోకి తెచ్చి, వెలుతురుకు పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేవాడు. ఎక్కడైనా పోగు తప్పితే ఆ కేకలు వీధి చివరి దాకా వినిపించేవి. తప్పకపోతే మడిచి పక్కన పెట్టేవాడు, అంతే. బాగుంది అన్న మాట ఆ మనిషి నోట ఎవరూ విన్నది లేదు. కొడుకు బి.ఏ. ఫస్టు క్లాసులో ప్యాసై వచ్చి కాగితం చూపిస్తే, దాన్నీ వెలుతురుకు పట్టి చూసి, "ఇంగా ఎంతకాలం చదవాలప్పా?" అని మాత్రం అడిగాడు. నరసింహప్ప ఆ రోజు భోజనం చేయలేదు. నాయన ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, బాగా చేసినావు అంటే బాగుండునని అతనికి పెద్దయ్యాక కూడా ఉండేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో అతను ఎం.ఏ.లో చేరడానికి అనంతపురం వచ్చాడు. హాస్టలులో చోటు లేదన్నారు. క్లాసులో పరిచయమైన మరో ఇద్దరికీ అదే గతి. ఒకడు ఓబులేసు, లేపాక్షి పక్కన పల్లె, చెనక్కాయలు పండించే రైతు కొడుకు. భారీ మనిషి, ఎప్పుడూ ఆకలి, ఎప్పుడూ చెమట, ఎప్పుడూ ఆలస్యం. రెండోవాడు యేసన్న, విడపనకల్లు వైపు వాడు. తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్ళు. ఊరి బయట వాడలో చర్చి పక్క బడిలో అక్షరాలు దిద్దుకుని ఇంతదాకా వచ్చినవాడు, ఆ వాడ మొత్తానికి ఎం.ఏ. గడప తొక్కినవాడు అతనే. మాట మెత్తన, అదీ అడిగితేనే.

ముగ్గురూ కలిసి ఇల్లు వెతికారు. దొరికిన ఇల్లు ఎంతసేపు, పేర్లు చెప్పేదాకానే. యేసన్న పేరు వినగానే ఒకరికి చుట్టాలు వస్తున్నట్టు గుర్తొచ్చేది, ఇంకొకరికి పైకప్పు కారుతున్నట్టు గుర్తొచ్చేది. ఆ కరువు సీమలో వాన పడి ఎన్నాళ్ళైందో, పైకప్పు కారుతుందట! ఒక ఇంటాయన నరసింహప్పను పక్కకు పిలిచి, "మీరిద్దరైతే ఈ పొద్దే దిగండి, ఆ మూడో అబ్బాయిని యాడన్నా చూసుకోమను" అన్నాడు. నరసింహప్పకు ఒళ్ళు మండింది. "మూడో మనిషికి లేని ఇల్లు మాకూ అక్కర్లేదు" అని వీధంతా వినేలా చెప్పి బయటికి వచ్చేశాడు. ఆ మాట అన్నందుకు చాలాకాలం తనలో తనే గర్వపడ్డాడు. యేసన్న తన పెట్టెతోపాటు నరసింహప్ప పెట్టె కూడా అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

చివరికి భద్రమ్మ అనే ముసలామె ఇంటి వెనక భాగం దొరికింది. ఒక లోపలి గది, ముందు చిన్న వసారా, వసారాకు ఒక కిటికీ, పక్కన వంటకు కడప బండ వేసిన మూల. ఆమె పేర్లు అడగలేదు. "మీరు ఎవురైనా కాండప్పా, నాకేమి? నీళ్ళు మాత్రం పారబోస్తే ఆ పొద్దే మీ పెట్టెలు బయటుంటాయి. కొళాయి దినం మార్చి దినం వస్తాది, అది గూడా దాని బుద్ది పుట్టినప్పుడు" అంది. ఇలాంటి ఇల్లు అనంతపురంలో ఇంకొకటి లేదని ముగ్గురికీ తెలుసు. ఇది పోతే ముగ్గురూ కలిసి ఉండే చోటు మళ్ళీ దొరకదు. దొరక్కపోతే ముందు వీధిన పడేది, చదువు ఆగేది యేసన్నకే.

దిగిన రోజు ఎండ మాడిపోతోంది. నరసింహప్ప ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబుతో కుండలోంచి నీళ్ళు తీసి, తను ఎత్తి తాగి, ఓబులేసుకిచ్చి, మళ్ళీ నింపి యేసన్న చేతికిచ్చాడు. యేసన్న చెంబు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. "తాగప్పా, ఇంగా మనకు చానా పనుంది" అని కసిరాడు నరసింహప్ప. యేసన్న తాగాడు. ఆ నిలబడడం ఎందుకో నరసింహప్ప ఆలోచించలేదు. అతని ధ్యాసంతా సామాను ఎక్కడ సర్దాలా అన్నదాని మీదే ఉంది.

ఇక కాపురం మొదలైంది. చదువుకునే పిల్లలు కలిసి ఉండడమంటే కాపురం కాక మరేమిటి? నరసింహప్ప ఆ ఇంటికి తల్లి, తండ్రి, పోలీసు, అన్నీ తనే అయ్యాడు.

"సంగటి దించినాక గిన్నెను ఎండనీగూడదు రా. ఎండితే దాని తాతొచ్చినా వదలదు. ఉడుకు మీదనే బూడిదేసి గీకల్ల."

"బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తాండావా? యాడన్నా తెలివుండాదా నీకు? ఆ నీళ్ళతో గిన్నెలు తొలుచు, తొలిచిన నీళ్ళు భద్రమ్మక్క మల్లెచెట్టుకు పొయ్యి. ఆయమ్మ సంతోషపడతాది, మనం ఈడ ఉంటాం."

"ఆసాడం గాలి మొదలైనాది, కిటికీ తెరిచి ఉడుకుడుకు సంగటి మూత తీస్తావా? తినేది సంగటా, మన్నా?"

"స్టౌ వత్తులు కత్తిరించకుండా ముట్టిస్తే మసి. మసి గిన్నె తోమాలంటే నీళ్ళు. నీళ్ళు యాడుండాయి?"

ఇవన్నీ ఓబులేసుకే. ఓబులేసు ప్రతిదానికీ "సరేప్పా" అనేవాడు. అనడంలో లోటు చేయలేదు. ఆ తర్వాత తడి టువాలు తీసుకెళ్ళి నరసింహప్ప పరుపు మీద ఆరేసేవాడు. అన్నం ఉడికేలోపు ఊరిబిండి పచ్చడి సగం నాకేసేవాడు. కొళాయి వచ్చే పొద్దు వాడి వంతైతే, వాడు నిద్ర లేచేసరికి కొళాయి నిద్రపోయేది. ఒకరోజు నీళ్ళు పట్టే ముందు కడవలు తోమాలని వాళ్ళమ్మ చెప్పిన సంగతి ఏ దేవుడు గుర్తు చేశాడో, ఉన్న మంచినీళ్ళన్నీ పారబోసి కడవలు తళతళలాడేలా తోమి వరసగా పెట్టాడు. ఆ రోజు కొళాయి రాలేదు, మర్నాడూ రాలేదు. భద్రమ్మ వాకిట్లో నిలబడి పెట్టిన శాపనార్థాలకు ముగ్గురూ లోపల గోడకు అంటుకుపోయారు. నరసింహప్ప పోయి ఆమె కాళ్ళూ వేళ్ళూ పట్టుకుంటే ఇల్లు నిలిచింది. చెప్పండి, ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలి?

యేసన్నతో మాత్రం ఏ పేచీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. చాప చుట్టి మూలన పెట్టేవాడు, పళ్ళెం కడిగి బోర్లించేవాడు, కొళాయి దగ్గర అందరికంటే ముందు నిలబడేవాడు. గాలి వస్తుందని వసారాలో కిటికీ పక్కన పడుకునేవాడు. ఇంట్లో ఇద్దరు యేసన్నలుంటే స్వర్గమని నరసింహప్ప తరచూ అనుకునేవాడు.

అసలు తంటా చెంబుతో వచ్చింది. నరసింహప్ప ఇంటివాళ్ళు చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా నీళ్ళు పోసుకుని తాగేవాళ్ళు. ఓబులేసు చెంబును మూతికి కరిపించుకుని గటగటా తాగి, ఆ ఎంగిలి చెంబునే మళ్ళీ కుండలో ముంచేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ ఎండాకాలం ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఓబులేసుకూ పట్టుకున్నాయి. నరసింహప్ప నీళ్ళు కాచి, ఉప్పూ చక్కెరా కలిపి తాగించి, బట్టలు ఉతికి, తిడుతూ తిడుతూనే సేవ చేశాడు. సరిగ్గా అప్పుడే చెంబు అడుగున కారడం మొదలుపెట్టింది. మాటు వేయించుకు వస్తానని సెలవుల్లో దాన్ని ధర్మవరం తీసుకెళ్ళి, అక్కడే మరిచి వచ్చాడు.

వస్తూనే బజారుకు పోయి మూడు స్టీలు గ్లాసులు కొన్నాడు. పాత్రల అంగడిలోనే వాటిమీద అక్షరాలు కొట్టించాడు. ఒకదానిమీద న, ఒకదానిమీద ఓ, ఒకదానిమీద యే. ఇంటికి తెచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "ఇది చానా సులువైన పని. ఎవురి గ్లాసు వారిదే. ఒకరిది ఒకరు ముట్టేది లేదు. కుండలో ముంచడానికి గరిటె యారేగా, దానికదే ఉండాది. ఎవురు యాడ పండుకుంటారో వాళ్ళ గ్లాసు ఆడ పెట్టుకోవాల." తన గ్లాసు, ఓబులేసు గ్లాసు లోపలి గూట్లో పెట్టాడు. యేసన్న గ్లాసు వసారా కిటికీలో పెట్టాడు, అతను పడుకునేది అక్కడే కాబట్టి. ఓబులేసు "సరేప్పా" అన్నాడు. యేసన్న తన గ్లాసు వైపు చూసి తల ఊపాడు.

నరసింహప్ప ఆ రోజు హాయిగా నిద్రపోయాడు. నిద్రపట్టనిది ఎవరికో అతనికి తెలియదు. తెలుసుకునే తీరికా లేదు, ఎందుకంటే ఓబులేసు వారం తిరక్కుండానే తన గ్లాసును ఎక్కడో పోగొట్టుకొచ్చాడు. బస్టాండులో బొరుగులు తినడానికి తీసుకెళ్ళానన్నాడు. గ్లాసులో బొరుగులు! ఆ తర్వాత చేతికి ఏది దొరికితే అది. కాలేజీ నుంచి రావడం, చెప్పులు గుమ్మంలోనే అడ్డంగా విడవడం, కిటికీలో ఎదురుగా కనిపించే యేసన్న గ్లాసు తీసుకుని తాగెయ్యడం.

"ఒరే! ఆ గ్లాసు యేసన్నది. పెట్టు!"

"దప్పికవుతాందప్పా."

"దప్పికైతే లోపలికొచ్చి నాది తాగు. నాకేమైనా కానీ, చస్తే చస్తా. ఆ పిల్లోని గ్లాసు మాత్రం ముట్టొద్దు!"

ఇది రోజూ జరిగే భాగవతమే. నరసింహప్ప తన గ్లాసు విషయంలో ఎప్పుడో ఓడిపోయాడు. ఓబులేసు తాగిన ప్రతిసారీ దాన్ని బూడిదతో తోముకుని తను తాగేవాడు. అయితే అణిగిమణిగి ఉండే యేసన్న వస్తువునైనా కాపాడాలి కదా! అందుకని గొంతు చించుకునేవాడు. ఒక్కోసారి ఇంకో మాట కూడా కలిపేవాడు. "యేసన్నను చూసి నేర్చుకోరా. ఎప్పుడైనా మన గ్లాసు ముట్టినాడా? చెప్పకుండానే తెలుసుకొని మసలుకుంటాండాడు. అదీ పద్ధతంటే."

యేసన్న అప్పుడు అక్కడే కూర్చుని ఉండేవాడు. పుస్తకంలోంచి తల ఎత్తేవాడు కాదు. రానురాను మాట తగ్గింది. చదువుకునేది ఉంది, మీరు తినండి అని భోజనానికి వెనక కూర్చోవడం మొదలుపెట్టాడు. పళ్ళెం కూడా వసారాలోకి తెచ్చుకున్నాడు. పరీక్షల బెంగ కాబోలు అనుకున్నాడు నరసింహప్ప. గ్లాసును కడిగి, తుడిచి, కిటికీలో మళ్ళీ అదే చోట పెట్టే ఆ శ్రద్ధ చూసి ముచ్చటపడ్డాడు కూడా. కళ్ళున్నాయి, ఏం లాభం?

రెండో ఏడు, పరీక్షలు దగ్గర పడ్డాక, ఆంజినప్ప పట్టణంలో ఒక అంగడికి చీరలు ఇవ్వడానికి వచ్చి, కొడుకును చూసిపోదామని మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఓబులేసు కాలేజీ నుంచి ఇంకా రాలేదు. యేసన్న నీళ్ళకు కొళాయి దగ్గరికి పోయాడు. నరసింహప్ప నాయనకు వడ్డించి, విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. ఆంజినప్ప తింటూనే ఇల్లంతా పరికించాడు. చుట్టి పెట్టిన చాపలు, బోర్లించిన గిన్నెలు, మూత పెట్టిన కుండ, అన్నీ చూశాడు. చివరికి ఆయన చూపు వసారా కిటికీ దగ్గర ఆగింది.

"ఆ కిటికీలో గ్లాసు ఎవురిదప్పా?"

"యేసన్నది నాయనా."

ఆంజినప్ప ముద్ద నమిలి మింగాడు. తలాడించాడు. "బాగా చేసినావు" అన్నాడు.

నరసింహప్ప చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. గుండె ఒక్కసారి పొంగింది. ఆ పొంగిన క్షణానికి ఆ తర్వాత ఎన్నిసార్లు తన్ను తాను తిట్టుకున్నాడో లెక్కలేదు. "ఏం చేసినా నాయనా?" అని అడిగాడు.

"అదే, వాని గ్లాసు వానికి యారే పెట్టినావు కదా. చెంబు తెచ్చి ఇంట్లో పెట్టినప్పుడే అనుకుంటి, మావోడు తెలివైనోడే అని. మీయమ్మకు ఒగటే దిగులు, యాడ అందరూ ఒగ చెంబు నీళ్ళు తాగుతాండారో అని. గలాటా లేకుండా, ఆయప్ప మొగం మీద ఒగ మాట అనకుండా, నేర్పుగా చేసినావు. మారిపోకుండా పేరు గూడా కొట్టిచ్చినావు."

"అయ్యో, అది కాదు నాయనా! ముగ్గురికీ కొన్నా. ఓబులేసుగాడు ఎంగిలి చెంబు కుండలో ముంచుతాంటే, రోగాలొస్తాయని, శుభ్రానికని..."

"ముగ్గురికీ కొన్నావు. మూడోది యాడ?"

"ఓబులేసు పారేసుకున్నాడు."

"అట్లయితే మీరిద్దరూ దేంట్లో తాగుతాండారు?"

నరసింహప్ప గూటి వైపు చూశాడు. గూట్లో ఒక్క గ్లాసే ఉంది, న అని రాసింది. ఇద్దరికీ అదే. ఎదురుగా కిటికీలో ఒక్క గ్లాసు, యే అని రాసింది. మెరిసిపోతోంది. ఇన్నాళ్ళూ రోజూ చూస్తున్నదే, ఇప్పుడే చూసినట్టనిపించింది.

ఆంజినప్ప చెయ్యి కడుక్కుంటూ నవ్వాడు. ఆయన నవ్వడమే అరుదు. "ఎవురన్నా అడిగితే అట్లనే చెప్పు. శుభ్రానికి అని. మేమూ అట్లనే చెప్తాము" అన్నాడు.

వసారాలో కడవ దించిన చప్పుడైంది. యేసన్న నీళ్ళు తెచ్చాడు. ఎంతసేపటి నుంచి గుమ్మం బయట ఉన్నాడో తెలియదు. ఆంజినప్ప పోతూ పోతూ అతని భుజం తట్టకుండా, దూరం నుంచే, "బాగా చదువుకోప్పా" అన్నాడు. మంచిమాటే. యేసన్న చేతులు జోడించాడు.

నాయనను వీధి మలుపు దాకా సాగనంపి నరసింహప్ప వచ్చేసరికి యేసన్న తన పుస్తకాలను దుప్పటిలో పెట్టి మూట కడుతున్నాడు. టువాలు మడిచి పైన పెట్టాడు. గ్లాసు మాత్రం కిటికీలోనే ఉంది.

"మా నాయన తెలియక అన్నాడు యేసన్నా. ఆయన మాట పట్టుకొని పోతావా?"

"మీ నాయన మాటకు కాదప్పా. చర్చి పక్కన మా ఊరి పిల్లోడొకడు గది తీసుకున్నాడు. వస్తానని ముందే చెప్పినా."

"ఎప్పుడు?"

"గ్లాసులు తెచ్చిన పొద్దు."

నరసింహప్ప గోడకు ఆనుకుని కూలబడ్డాడు. యేసన్న ముడి వేస్తూనే మెల్లగా చెప్పాడు. "మా ఊర్లో టీ హోటేలు కాడ మా గ్లాసులు కిటికీలోనే ఉంటాయి. తాగి, మేమే కడిగి, మల్లా కిటికీలో పెట్టాల. ఈ ఇంటికి వచ్చిన పొద్దు నువ్వు చెంబు చేతికిచ్చినావు. నాకు తాగాలంటే చెయ్యి ఆడలేదు. మా అమ్మకు చెప్తే నమ్మలేదు. ఆ చెంబు ఇంటికి పోయినాది, ఈ గ్లాసు కిటికీలోకొచ్చినాది."

"నీ చాప ఆడుండాదని పెట్టినా యేసన్నా! మా అమ్మ తోడు, ఇంగొకటి మనసులో లేదు!"

"తెల్సు. నీకు తెలీకనే చేసినావని గూడా తెల్సు. అయినా పొద్దున లేస్తానే అదే కనపడుతాంటే ఏం చేసేది?"

"మరి అప్పుడే పోకుండా ఇన్నాళ్ళు ఎందుకుండినావు?"

యేసన్న "ఓబులేసుండాడు కదా" అన్నాడు. "మూట కట్టుకుందామనుకున్న పొద్దల్లా ఆయప్ప వచ్చి ఆ గ్లాసు తీసుకొని తాగేస్తాడు. నువ్వు అరుస్తావు, యేసన్నది ముట్టొద్దని. నువ్వు అరిస్తే పోవాలనిపిస్తాది. ఆయప్ప తాగితే, ఈ ఒగ దినం ఉందాంలే అనిపిస్తాది. అట్లా గడిచిపోయినాది."

నరసింహప్పకు అప్పుడు తెలిసింది. రెండేళ్ళుగా తను ఎవరి మీద విసుక్కున్నాడో, ఎవణ్ణి బాగుచేయాలని పొద్దస్తమానం నోరు పారేసుకున్నాడో, ఆ చేతగాని మనిషే ఈ ఇంటిని నిలబెట్టాడు. వీధిలో నిలబడి మూడో మనిషికోసం పెద్ద మాట అన్న తను, ఆ మూడో మనిషిని కిటికీలో పెట్టాడు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. ఏదో ఒకటి చేయాలి. దిగ్గున లేచి కిటికీలోని గ్లాసు తీసుకుని, కుండ దగ్గరికి నడిచాడు.

"ఇప్పుడు తాగొద్దు నరసింహప్పా" అన్నాడు యేసన్న.

నరసింహప్ప ఆగాడు.

"ఇప్పుడు తాగితే నాకోసం తాగినట్లుంటాది. ఆయప్ప దప్పికై తాగినాడు."

గ్లాసు చేతిలో పట్టుకుని అతను ఆ వసారా మధ్యలో నిలబడిపోయాడు. తాగడానికి లేదు, పెట్టడానికి చోటు లేదు. లోపలి గూట్లో పెట్టాలా, కిటికీలో పెట్టాలా? ప్రతి వస్తువుకూ చోటు తెలిసిన మనిషికి ఆ గ్లాసు ఒక్కటి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అప్పుడు చెప్పుల చప్పుడైంది. ఓబులేసు వచ్చాడు. బస్సులో నిలబడి వచ్చాడేమో, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. చెప్పులు గుమ్మంలో అడ్డంగా విడిచాడు. నరసింహప్ప చేతిలో గ్లాసు చూసి, "తెచ్చి పెట్టినావా? మంచిపని చేసినావు" అంటూ లాక్కున్నాడు. గరిటె పక్కనే ఉన్నా అది వాడి కంటికి కనిపించదు. గ్లాసును కుండలో ముంచి, గటగటా తాగి, మళ్ళీ ముంచి తాగాడు. నరసింహప్ప నోరు తెరిచాడు. రోజూ అరిచే అలవాటు నాలుక చివరి దాకా వచ్చింది. ఆ గ్లాసు యేసన్నది అన్న మాటను మింగేశాడు. మింగడం ఎంత కష్టమైందంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

ఓబులేసు అదేమీ గమనించలేదు. మొహం తుడుచుకోవడానికి అటూ ఇటూ చూశాడు. తన టువాలు ఎక్కడుందో వాడికి ఎప్పుడు తెలుసు గనుక? యేసన్న మూటలో, పుస్తకాల పైన, ముడి సందులోంచి మడిచిన టువాలు కనిపించింది. మూటలోంచి దాన్ని ఒక్క లాగు లాగాడు. ముడి ఊడింది. పుస్తకాలు వసారా అంతా చెల్లాచెదురయ్యాయి. వాడు ఆ టువాలుతో మొహం, మెడ, చంకలు అన్నీ తృప్తిగా తుడుచుకున్నాడు.

"ఒరే ఓబులేసూ!" అని ఒక కేక వినిపించింది.

నరసింహప్ప ఉలిక్కిపడ్డాడు. అరిచింది తను కాదు. యేసన్న లేచి నిలబడ్డాడు. మెత్తని మనిషి మొహం ఎర్రబడింది. "ఉతికిన టువాల రా అది! నీ చంకలు తుడుచుకోనీకి నా టువాలే దొరికినాదా? ఎన్నిదినాలని ఓర్చుకునేది? నీది యాడ చచ్చినాదో చూసుకోవల్లనా వద్దా? ఈ పుస్తకాలన్నీ ఎవురు ఎత్తిపెడతారు, మీ తాతా?"

ఆ ఇంట్లో యేసన్న ఎవరినీ ఒక్క మాట అనడం అంతకుముందు ఎవరూ వినలేదు. గొంతు అంత ఉందని కూడా తెలియదు. అవతలి నుంచి భద్రమ్మ "ఏమప్పా అది గలాటా?" అని కేకేసింది. ఓబులేసు తడి టువాలు చేత్తో పట్టుకుని, ఇంతకాలం మంచివాడిగా ఉన్న యేసన్న కూడా ఇలా తయారయ్యాడేమిటా అన్నట్టు చూసి, "సరేప్పా" అన్నాడు. కిందికి వంగి పుస్తకాలు ఏరడం మొదలుపెట్టాడు. రెండు ఏరి, మూడోది తెరిచి చదువుతూ అక్కడే చతికిలబడ్డాడు.

"చూడు నరసింహప్పా, చూడు వీణ్ణి! వీనితో ఎట్ల ఏగేది?" అన్నాడు యేసన్న.

"నన్నడుగుతావా?" అన్నాడు నరసింహప్ప.

ఆ సాయంత్రం ముగ్గురూ ఒకేచోట కూర్చుని తిన్నారు. మూట మళ్ళీ కట్టలేదు. మర్నాడూ కట్టలేదు, ఆ మర్నాడూ కట్టలేదు, పరీక్షలు అయ్యేదాకా యేసన్న అక్కడే ఉన్నాడు. నరసింహప్ప మీద అలక పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. కొన్ని రోజులు అతని వైపు చూసి మాట్లాడేవాడు కాదు. ఓబులేసును మాత్రం ఇద్దరూ వంతులు వేసుకుని తిట్టేవాళ్ళు.

గ్లాసులు రెండూ కుండ పక్కన బండ మీదికి చేరాయి. దేనిమీద ఏ అక్షరముందో చూసుకుని తాగే తీరిక ఎవరికీ లేకపోయింది. నాయన అన్న ఆ రెండు మాటలు నరసింహప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన బతికి ఉన్నంతకాలం మళ్ళీ అలాంటి మాట అనలేదు కూడా.

ఎనభైల చివర్లో నరసింహప్ప ఒక జూనియరు కాలేజీలో లెక్చరరయ్యాడు. పై చదువులకు పోయి గదులు తీసుకునే పిల్లలు అతని దగ్గరికి సలహాకు వచ్చేవాళ్ళు. సంగటి గిన్నె గురించి, స్టౌ వత్తుల గురించి, కొళాయి దగ్గర వంతుల గురించి ఓపిగ్గా, కొంత విసుగ్గా, అన్నీ చెప్పేవాడు. గ్లాసుల మాట వస్తే మాత్రం కాసేపు ఆగేవాడు.

"గరిటె పెట్టుకోండి, కుండలో చెయ్యి ముంచొద్దండి" అనేవాడు. "గ్లాసులు ఎవురివైతే ఏమి."